రెండొందల పన్నెండు తప్పుడు గీతలు

మంగళవారం పొద్దున పది నలభైకి సిగ్నలాయన కుడిభుజం గూడు తప్పింది. తప్పించింది మెషిన్. ఆసుపత్రివాళ్ళు మాత్రం రోగి కండరాలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం వల్ల జరిగిందని రాసుకున్నారు. అంటే మళ్ళీ తప్పు ఆయనదే. మూణ్ణెల్ల క్రితం క్రేన్ యార్డులో నాలుగు టన్నుల ఇనుప దూలం ఒక మనిషి మీద పడినప్పుడు కూడా తప్పు ఆయనదే అన్నారు. కింద నిలబడి చేత్తో సైగలు చేసి క్రేన్‌ని నడిపించేవాడు ఆయనే కాబట్టి, దించమని ఆయనే సైగ చేశాడన్నారు. కాదని చెప్పేలోపే, నాలుగోరోజున పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఇప్పుడు తల ఊపడంలో కూడా అవును అనబోయి కాదంటాడు, కాదు అనబోయి అవునంటాడు. కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి?

శుక్రవారం విచారణ. ఆరోజు ఆయన్ని దోషి అని తేల్చేస్తే కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది, ఆయన మంచం దిగకుండానే హంతకుడవుతాడు.

అందుకే ఆయన కూతురు పట్టకారు దగ్గరికి పరిగెత్తింది. పట్టుకుంటే వదలదని యార్డు కార్మికులు పెట్టిన పేరు అది. అసలు పేరు ఆమెకే ఎప్పుడో గాని గుర్తు రాదు. యాభై రెండేళ్ళ మనిషి. భర్త వెల్డరు. ట్యాంకు పేలి చనిపోయాడు. పోయిన తర్వాత, తప్పంతా తనదేనని ఆయన ఒప్పుకున్నట్టు వేలిముద్రతో ఒక కాగితం బయటికొచ్చింది. చచ్చినవాడి వేలు ఎవరు పట్టుకుని ముద్ర వేయించారో కనిపెట్టడంతో ఆమె డిటెక్టివ్ పని మొదలైంది. ఇరవై ఏళ్ళయినా ఆ కడుపుమంట చల్లారలేదు. చల్లారకూడదనే ఆమె కోరిక.

కూతురు ఒక్కటే అడిగింది. "నాకు న్యాయం అవీ వద్దమ్మా. చేసిన మనిషి కావాలి. చూపిస్తే చాలు."

బుధవారం తొమ్మిదింటికల్లా పట్టకారు ఆసుపత్రి రెండో అంతస్తులో ఉంది. గదిలో నడుమెత్తు బల్ల. దాని మీద ఒక పిడి, పిడిని రెండు వైపులా పట్టుకున్న ఇనుప కడ్డీలు, ముంజెయ్యి ఆనించడానికి చిన్న తొట్టి. ఎదురుగా తెర. తెర మీది పసుపు బంతిని పిడితో ఎర్రచుక్క దాకా తోసుకెళ్ళాలి. రోగి చెయ్యి కదిలినంత మేర మెషిన్ ఊరుకుంటుంది, ఆగిపోయిన చోట అది సాయం పడుతుంది. అలా రోజుకు నలభైసార్లు. చచ్చుబడిన చేతికి మళ్ళీ దారి నేర్పడానికి ఇంతకన్నా మంచి గురువు లేదని ఫిజియో డాక్టరు చెప్పుకొచ్చాడు. ముప్పై ఐదేళ్ళవాడు. మెషిన్ గురించి అడిగితే సొంత బిడ్డ గురించి చెప్పినట్టు చెబుతున్నాడు, రోగి గురించి అడిగితే ఫైలు తిరగేస్తున్నాడు.

నిన్నటి లెక్క తెర మీద పెట్టమంది పట్టకారు. మెషిన్ అన్నీ రాసుకుంటుంది, అబద్ధం చెప్పే తెలివి దానికింకా రాలేదు. పది ముప్పై ఒకటికి మొదలు. మెషిన్ ఎంత బలంగా లాగవచ్చో ఒకటి నుంచి పది దాకా హద్దు ఉంటుంది. సిగ్నలాయనకు ఎప్పుడూ మూడు. పది ముప్పై ఎనిమిదికి అది తొమ్మిదయింది. పది నలభైకి చెయ్యి బల్ల అవతలి మూలకు పోయి, నలభై సెకన్లు అక్కడే ఉండిపోయింది.

హద్దు మార్చింది డాక్టరు పేరు మీదే. కానీ పది ముప్పై నాలుగు నుంచి నలభై రెండు దాకా ఆయన వరండా చివర ఇంకో రోగి నడక కొలుస్తున్నాడు. చేతిలో స్టాప్‌వాచ్, పక్కన ఇద్దరు నర్సులు. మరి మీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసంటే, ఆయన తెర కింది అంచు చూపించాడు. తెల్ల టేపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించి ఉంది.

"మర్చిపోతుంటామండీ," అన్నాడు.

"ఇంటి తాళంచెవి కూడా తలుపుకే వేలాడదీస్తారా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

పట్టకారు వంగి బల్ల కిందికి చూసింది. రోగి భయపడితే నొక్కడానికి తీగతో ఒక ఎర్రబొత్తాం ఉంటుంది. మంచి చేతికి అందేలా, అంటే ఎడమవైపు, పెట్టాలి. నిన్న అది కుర్చీ వెనక గోడ కొక్కేనికి ఉందని కూతురు చెప్పింది. బొత్తాం కోసం వెతుక్కుని, నొక్కి ఆపింది కూడా ఆ పిల్లే. తర్వాత పట్టకారు బీరువాలోంచి సిగ్నలాయన ఛాతీ బెల్టు తీయించింది. ఎవరి బెల్టు వాళ్ళదే, మీద చీటీ ఉంటుంది. నాలుగో రంధ్రం రోజూ వాడి వాడి అంచు తెల్లబడింది. ఆరో రంధ్రం చుట్టూ మాత్రం కొత్తగా నలిగిన ముడత. బెల్టు వదులుగా ఉంటే చెయ్యి లాగినప్పుడు ఒళ్ళు కూడా కాస్త ముందుకు పోతుంది, భుజానికి ఊపిరి ఆడుతుంది. బిగించి కట్టేస్తే లాగుడంతా భుజం మీదే.

హద్దు, బొత్తాం, బెల్టు. ఒక్కటి జరిగితే పొరపాటు. మూడూ ఏడు నిమిషాల్లో జరిగితే దాన్ని పని అంటారు.

పట్టీలు కట్టేదెవరని అడిగింది. సహాయకురాలు ఒకామె ఉందనీ, మూడు వారాల కిందటే బట్టల విభాగం నుంచి అడిగి మరీ ఇక్కడికి మార్పించుకుందనీ, చాలా నిదానస్తురాలనీ డాక్టరు చెప్పాడు. పట్టకారు సంచిలోంచి విచారణ కాగితాలు తీసి, చనిపోయిన మనిషి కుటుంబం వివరాలున్న పేజీ తిప్పింది. తల్లిదండ్రులు లేరు. ఒక్క అక్క. ఉద్యోగం ఆసుపత్రి బట్టల విభాగం. పేజీ మూసేసింది. డాక్టరుకు చెప్పలేదు. చేసిన చెయ్యి దొరికింది. కానీ ఆ చేతికి దారి చూపిందెవరు? ఈ రోగి ఈ గదికొస్తాడని, ఇక్కడో ఖాళీ ఉందని, బట్టలుతికే చోట పనిచేసే మనిషికి ఎవరు చెప్పారు?

పాతరోజుల లెక్కలు కూడా చూపించమంది. పదిహేడు రోజులు. రోజుకు నలభై ప్రయత్నాలు ఉండాలి. ఒకరోజు ఇరవై ఎనిమిదే ఉన్నాయి, ఇంకోరోజు ఇరవై ఆరు.

"మిగతావేవి?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. అవి పనికిరానివనీ, రోగి చుక్క వైపు వెళ్ళకుండా ఇష్టమొచ్చినట్టు ఊపేసినవనీ, వాటిని లెక్కలో కలిపితే సగటు పాడవుతుందనీ, అందరూ ఇలాగే తీసి పక్కన పెడతారనీ అన్నాడు. ముందుకు తొయ్యమంటే ఈయన అడ్డంగా ఊపుతాడట. ఎంత చెప్పినా వినడట.

"పక్కన పెట్టినవి తియ్యండి."

మొత్తం రెండొందల పన్నెండు. ఒక్కొక్కటీ కాదు, అన్నీ ఒకదాని మీద ఒకటి వెయ్యమంది. తెర మీద గీతలు పేరుకున్నాయి. మొదటివారంలో వణుకుతూ జానెడు పొడవు. తర్వాత బెత్తెడు పెరిగాయి. మూడోవారానికి బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు, తిన్నగా, అడ్డంగా, ఇటూ అటూ, ఇటూ అటూ. పైకి ఒక్కటి పోలేదు. కిందికి ఒక్కటి రాలేదు. ఇష్టమొచ్చినట్టు ఊపేవాడి చెయ్యి రెండొందల పన్నెండుసార్లు ఒకే దారిన పోతుందా?

ఇంట్లో ఏం పెట్టినా నాన్న ఎడమచెయ్యి అడ్డంగా ఊపి వద్దంటున్నాడని కూతురు చెప్పుకుని ఏడ్చింది నిన్న. వద్దనడం కాదది. ఇరవై ఏళ్ళు యార్డుల్లో తిరిగిన పట్టకారుకు ఆ ఊపు తెలుసు. తెరను ఫోనుతో ఫొటో తీసుకుంది.

"అక్కయ్య ముందే వచ్చేసినట్టున్నారే," అంది వెనక నుంచి ఒక గొంతు.

చూడక్కర్లేదు. కంపెనీ తరఫు విచారణ అధికారి. చొక్కా మీద ఒక్క ముడత కూడా ఉండదని కార్మికులు అతన్ని ఇస్త్రీ అంటారు. మనుషుల్ని కూడా అలాగే చదును చేస్తాడు. నాలుగు కేసుల్లో ఆమెకు ఎదురుపడ్డాడు. రెండు ఆమె గెలిచింది, రెండు అతను. నాలుగింట్లోనూ తప్పు చచ్చినవాడి మీదకో, నోరు లేనివాడి మీదకో తోసే ప్రయత్నమే.

అతను డాక్టరు ముందు ఒక కాగితం పెట్టాడు. భుజం దెబ్బతిన్నందువల్ల మెషిన్ వైద్యం ఆపేస్తున్నట్టూ, ఇక చెయ్యి తిరిగొచ్చే ఆశ లేనట్టూ టైపు చేసి ఉంది. సంతకం ఒక్కటే బాకీ. పాపం, నొప్పి పెట్టడమెందుకు, ముసలాయన్ని వదిలేద్దాం అన్నాడు. అతని గొంతులో జాలి కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

డాక్టరు పెన్ను తీస్తుంటే పట్టకారు కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"యార్డుకు మీరెప్పుడైనా వెళ్ళారా బాబూ?"

"జన్మలో అడుగు పెట్టలేదు. ఆ దుమ్ము నాకు పడదు. నేను కాగితాల మనిషిని."

"ఆపరేటరు ఏమన్నాడు?"

"దించమని సైగ చేస్తే దించానన్నాడు. సూపర్వైజరూ అదే చెప్పాడు. ఇద్దరి మాటా ఒక్కటే. మీవాడు కాదంటున్నాడా? ఓహో, ఆయన కాదంటే అవునని కదా."

నవ్వాడు. డాక్టరు కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

పట్టకారు కాగితం ఎత్తి, వెలుతురుకు పట్టి చదివింది. తర్వాత డాక్టరు వైపు తిప్పింది. "భుజం ఎప్పుడు పోయింది డాక్టరుగారూ?"

"నిన్న. మంగళవారం."

"ఈ కాగితం మీద తేదీ చదవండి."

ఆయన చదివాడు. సోమవారం.

డాక్టరు పెన్నుకు మూత పెట్టుకున్నాడు. ఇస్త్రీ మాత్రం కంగారుపడలేదు. టైపు చేసిన అమ్మాయి తప్పు కొట్టి ఉంటుందన్నాడు. ఇతని లోకంలో తప్పు ఎప్పుడూ కిందవాళ్ళదే. కాగితం తీసుకోబోతే ఆమె మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

"తియ్యి బాబూ, ధైర్యముంటే."

అతని దవడ ఒక్కసారి కదిలింది. "శుక్రవారం దాకా దాచుకోండి. దాని అవసరం నాకు ఉండదు," అనేసి వెళ్ళిపోయాడు. అప్పుడు పదకొండు ఐదయింది.

పట్టీల గది పక్కనే. సహాయకురాలు బెల్టులు స్పిరిట్‌తో తుడిచి వరసగా వేలాడదీస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతులు ఉతికి ఉతికి నానిపోయి తెల్లగా ఉన్నాయి. పట్టకారు తలుపు మూసి, స్టూలు మీద కూర్చుని, మూడు సంగతులు చెప్పింది. పది ముప్పై ఎనిమిది. ఆరో రంధ్రం. కొక్కేనికి బొత్తాం. ఇంకేమీ అడగలేదు.

ఆమె బుకాయించలేదు. చేతిలోని బెల్టు పూర్తిగా తుడిచి, కొక్కేనికి తగిలించి, అప్పుడు ఇటు తిరిగింది.

"చంపాలనుకోలేదు. ఆ చెయ్యి ఉండకూడదనుకున్నాను. ఆ చేత్తోనే కదా దించమన్నాడు. దాన్ని మళ్ళీ బాగు చెయ్యడానికి నేను పట్టీలు కట్టాలా? మా తమ్ముడికి కట్టడానికి చెయ్యి కూడా మిగల్లేదు."

ఆ గొంతులో ఏడుపు లేదు. మూణ్ణెల్లు నూరి నూరి పదును పెట్టిన గొంతు. పట్టకారుకు ఆ పదును కొత్తకాదు. ఒకప్పుడు అద్దంలో చూసుకున్నదే. ఈమెను పోలీసులకు అప్పగిస్తే కూతురికి మనిషి దొరికినట్టే, కేసు మూసినట్టే. సోమవారమే టైపయిన కాగితం కూడా సరిగ్గా అదే కోరుకుంటోంది.

ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది.

"అతని చెయ్యి పదిహేడు రోజులు గీసింది. డాక్టరు చెత్తలో వేశాడు. చూడు తల్లీ."

ఆమె చూసింది. మొదట ఏమీ అర్థం కానట్టు, తర్వాత ఫోను దగ్గరికి తెచ్చుకుని. తమ్ముడు సిగ్నల్ పరీక్షకు ఇంట్లో సాధన చేసేవాడట. అక్క చేతికి నీళ్ళ బకెట్ ఇచ్చి, నువ్వే క్రేన్‌వి అనేవాడట. వేలు పైకి తిప్పితే ఎత్తాలి, కిందికి తిప్పితే దించాలి. చెయ్యి చాచి, అరచెయ్యి నేలవైపు తిప్పి అడ్డంగా ఊపితే, బకెట్ ఎక్కడుంటే అక్కడే కదలకుండా ఆగిపోవాలి. మిగతా సైగలు సిగ్నల్‌మాన్ ఒక్కడే చెయ్యాలి, అది మాత్రం ఎవరు చేసినా ఆగాలి. చేతులు పీకుతున్నాయిరా అన్నా వదిలేవాడు కాదట. ఇవన్నీ ఆమె ముక్కలు ముక్కలుగా చెబుతుంటే, ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచి గాల్లో ఇటూ అటూ ఊగింది.

ఊగి ఆగిపోయింది.

"ఆపమన్నాడు," అంది. "ఆపమనే అన్నాడు."

"రెండొందల పన్నెండుసార్లు."

"నేను రోజూ పక్కనే ఉన్నాను. చూశాను. తప్పించుకోడానికి గింజుకుంటున్నాడనుకున్నాను." నేల మీద కూలబడింది. "అబ్బా, ఆ చేతినే..."

పట్టకారు ఓదార్చలేదు. ఓదార్చే టైము కాదు, ఆమెకది రాదు కూడా. ఎవరు పంపారని అడిగింది. తమ్ముడు పోయిన వారానికి ఇంటికొచ్చి, ఫొటో ముందు తలవంచుకుని అరగంట కూర్చున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడట. చొక్కా మడత నలగదట. దోషి జబ్బు నటిస్తున్నాడని చెప్పింది అతనే. తర్వాత మళ్ళీ వచ్చి, మెషిన్ గదిలో ఖాళీ ఉందని, తాను ఒకమాట చెబుతానని అన్నదీ అతనే. పోయిన శనివారం ఆసుపత్రి మెట్ల మీద ఎదురుపడి, ఆ మెషిన్ మూడు దాటితే ప్రమాదమట కదమ్మా, జాగ్రత్త అన్నాడట. చెయ్యమని చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా చెప్పాడు.

"ఇప్పుడతను ఎక్కడున్నాడు?" అని ఆమే అడిగింది.

పట్టకారు లేచి నిలబడింది. శుక్రవారానికి కాగితం అవసరం లేదన్నాడు. ఎందుకు లేదు? సంతకం చెయ్యలేనివాడికి వేలు ఉంటుంది కదా.

వార్డుకు ఇద్దరూ పరుగుతీశారు. పదకొండు ఇరవై రెండు.

సిగ్నలాయన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. కుడిచెయ్యి గుడ్డ ఊయలలో మెడకు కట్టి ఉంది. ఇస్త్రీ ఊయలలోంచి ఆ చేతి బొటనవేలు బయటికి లాగి ఇంక్ ప్యాడ్ మీద అద్దుతున్నాడు. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం. కూతురు మంచం అవతల అయోమయంగా నిలబడింది. వైద్యం ఖర్చుల కాగితమని చెప్పాడట. సిగ్నలాయన ఎడమచెయ్యి అడ్డంగా, వేగంగా ఊగుతోంది.

"పాపం, నొప్పికి వద్దంటున్నారు," అంటున్నాడు ఇస్త్రీ ఆ పిల్లతో. "ఒక్క నిమిషంలో అయిపోతుందమ్మా."

సహాయకురాలు గుమ్మంలోనే నిలబడి ఆ ఎడమచేతిని చూసింది. తిన్నగా వెళ్ళి ఇస్త్రీ మణికట్టు పట్టుకుంది. బట్టలు పిండిన చెయ్యి. అతని వేళ్ళు విడిపోయాయి.

"ఆపమంటున్నాడు. ఎవరు ఆపమన్నా ఆగాలి."

ఆ మాటకు సిగ్నలాయన చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. మూణ్ణెల్లలో మొదటిసారి ఎవరో ఆయన భాష చదివారు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. పట్టకారు మంచం దగ్గరికొచ్చి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే అడిగింది. నువ్వు ఆపమన్నావు. క్రేన్ ఆగలేదు. దించమన్నది ఎవరు?

తల ఊపలేదాయన. తల ఊపితే తప్పు పోతుందని ఆయనకూ తెలుసు. ఎడమచేతిని పిడికిలి చేసి, వాకీటాకీ పట్టుకున్నట్టు చెవి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత తల పైకెత్తి, ఎక్కడో ఎత్తున ఉన్న క్రేన్ క్యాబిన్ వైపు చూపిస్తున్నట్టు చెయ్యెత్తాడు. తర్వాత వేలు కిందికి తిప్పాడు. ఆ వేలు అలాగే సాగి, మంచం పక్కన చొక్కా సవరించుకుంటున్న మనిషి గుండెల మీద ఆగింది.

జన్మలో యార్డులో అడుగు పెట్టని మనిషి.

"పిచ్చివాడి చేతి సైగలు విచారణలో సాక్ష్యమా?" అన్నాడు ఇస్త్రీ. మొదటిసారి గొంతులో ముడత పడింది. తర్వాత సహాయకురాలి వైపు తిరిగాడు. "భుజం విరగ్గొట్టింది నువ్వు. జైలుకు పోయేది నువ్వు. నీ తమ్ముడు తిరిగొస్తాడా?"

కూతురు తల తిప్పింది. చేసిన మనిషి కావాలని అడిగింది కదా, ఎదురుగా ఉంది. ఆ పిల్ల చెయ్యి లేచింది. సహాయకురాలు తప్పుకోలేదు, మొహం ఇంకాస్త ముందుకు పెట్టింది. దెబ్బ పడింది. చెంప ఎర్రగా కందిపోయింది. రెండోది పడకముందే పట్టకారు పట్టుకుని ఆపింది.

సహాయకురాలు చెంప తడుముకోలేదు. అట్ట మీది ఒప్పుకోలు కాగితం లాక్కుని, తెల్లగా ఉన్న వెనకవైపు తిప్పి, తన బొటనవేలు ఇంక్ ప్యాడ్ మీద గట్టిగా అద్దింది.

"వేలిముద్ర కావాలన్నారు కదా. నాది వేస్తాను. రాయండమ్మా. భుజం తీసింది నేనే. మెట్ల మీద మూడు దాటితే ప్రమాదమని చెప్పింది ఈయన. జైలుకు పోతాను, ఫరవాలేదు. ఒంటరిగా మాత్రం పోను."

పట్టకారు కలం తీసింది. టైము వేసింది. పదకొండు ముప్పై ఒకటి.

ఇస్త్రీ తలుపు దాటేశాడు. వరండాలో నాలుగడుగులు వేసి ఫోను చెవికి పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు గాని, ఇరవై ఏళ్ళు గోడల చాటున మాటలు విన్న చెవులకు ఆ తగ్గింపు చాలదు.

"క్రేన్ ఆపరేటరు డ్యూటీలో ఉన్నాడా? పైకెక్కాడా?" అవతలివాడు ఏదో చెప్పాడు. ఇస్త్రీ చొక్కా చేతి మడత సరిచేసుకున్నాడు. "అయితే దిగనివ్వకండి."